గృహప్రవేశం తర్వాతి నెల

ఈ అధ్యాయం ఊళ్లో ఇల్లు లేనివాళ్లకి ఇళ్లు వచ్చేలా చూసే బాధ్యత ఏదో ఒక రూపంలో నెత్తికెత్తుకున్నవాళ్ల కోసం. మీరు వార్డు కార్పొరేటర్ కావచ్చు, కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి కావచ్చు, పొదుపు సంఘం నాయకురాలు కావచ్చు, రిటైరైన ఇంజనీరు కావచ్చు. నగరపాలక సంస్థ ఇళ్ల విషయం చూడడానికి వేసిన కమిటీలో మీ పేరు చేరిందనుకుందాం. మొదటి సమావేశంలో మీ ముందు పెట్టే కాగితంలో సాధారణంగా మూడు అంకెలుంటాయి: దరఖాస్తులు ఎన్ని, మంజూరైన ఇళ్లు ఎన్ని, పూర్తయినవి ఎన్ని. ఈ మూడూ అవసరమైనవే. కానీ పేద కుటుంబానికి ఇల్లు నిజంగా అందిందో లేదో ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. అది చెప్పగల అంకె ఒకటుంది. గృహప్రవేశం అయిన తర్వాతి నెల నుంచి ఆ ఇంట్లో కాపురం చెయ్యడానికి ఆ కుటుంబానికి నెలకి ఎంతవుతుంది? కమిటీలో మీరు చెయ్యగల అత్యంత విలువైన పని ఈ నాలుగో అంకెని కాగితం మీదికి తెప్పించడం, దాన్ని చూడకుండా స్థలం ఖాయం కానివ్వకపోవడం. ఈ మాట ఎందుకంటున్నానో, దాన్ని ఎలా సాధించాలో వివరిస్తాను.

లెక్కకు అందని కొరత

ఇళ్ల కొరత అనగానే మనకి చెట్ల కిందా ఫుట్‌పాత్‌ల మీదా పడుకునేవాళ్లు గుర్తొస్తారు. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో సుమారు 1 కోటి 88 లక్షల ఇళ్ల కొరత ఉందని అంచనా వేసింది. అందులో అసలు గూడే లేని కుటుంబాల వాటా మూడు శాతం లోపే. దాదాపు 80 శాతం కొరత ఇరుకుది. ఒకే గదిలో రెండు మూడు జంటలు సర్దుకోవడం, పెళ్లయిన కొడుకు అదే ఇంట్లో మరో మూల తడిక కట్టుకోవడం లాంటిది. ఈ కొరతలో 95 శాతానికి పైగా ఆర్థికంగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2011 జనాభా లెక్కల నాటికి మన పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1 కోటి 10 లక్షలకు పైనే. ఒక పక్క ఇరుకు, ఒక పక్క ఖాళీ. ఇళ్లు ఎన్ని కట్టామన్న లెక్క ఒక్కటే చూస్తే ఈ వైరుధ్యం ఎప్పటికీ అర్థం కాదు. ప్రభుత్వాలు కట్టిన ఇళ్లకీ ఇదే గతి పట్టింది. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం (జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం) కింద పేదల కోసం కట్టిన వాటిలో 83 వేలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉండిపోయాయని తేలింది. చివరికి 2020లో వాటిని వలస కార్మికులకి అద్దెకిచ్చే పథకం తేవాల్సి వచ్చింది.

అదే 2011 లెక్కల్లో విశాఖపట్నం కుటుంబాల్లో 44 శాతం, విజయవాడ కుటుంబాల్లో 40 శాతం మురికివాడల్లో ఉన్నట్టు నమోదైంది. పది లక్షలు దాటిన నగరాల్లో విశాఖదే మొదటి స్థానం. కొండవాలులో, కాలవ గట్టున, రైలు పట్టాల పక్కన ఇంత మంది ఎందుకుంటున్నారు? ఊరి బయట ఇంతకంటే విశాలమైన చోటు ఇంతకంటే చవగ్గా దొరుకుతుందని వాళ్లకి తెలియక కాదు. ఓడరేవుకీ, మార్కెట్ యార్డుకీ, నాలుగిళ్లలో పాచిపని దొరికే కాలనీకీ నడిచి వెళ్లగల దూరం వాళ్లకి ఇంకో గది కంటే ఎక్కువ విలువైనది. ఇది అజ్ఞానం కాదు, ప్రతి నెలా సరిచూసుకుంటున్న లెక్క. కమిటీ చెయ్యాల్సింది ఆ లెక్కని తప్పుపట్టడం కాదు, దాన్ని నేర్చుకోవడం.

అహ్మదాబాద్ చెప్పిన పాఠం

ఈ విషయంలో మన దేశంలోనే గట్టి ఆధారం ఒకటుంది. 1987లో అహ్మదాబాద్‌లో బీడీలు చుట్టే మహిళలకి లాటరీ వేసి ఇళ్లిచ్చారు. ఆ ఇళ్లు నగరానికి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. లాటరీ కాబట్టి గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ మొదట్లో పెద్ద తేడా లేదు. అందుకే పద్నాలుగేళ్ల తర్వాత ఇద్దరి పరిస్థితినీ పోల్చి చూస్తే ఇల్లు ఏం మార్చిందో తేటగా తెలుస్తుంది. షారన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే అనే పరిశోధకులు ఆ పని చేశారు. గెలిచినవాళ్లలో 34 శాతం అసలు ఆ ఇళ్లలో చేరనే లేదు. మరో 32 శాతం చేరి, తర్వాత వదిలేశారు. ఇల్లు మెరుగైంది, కానీ కుటుంబ ఆదాయంలో గానీ పిల్లల భవిష్యత్తులో గానీ మార్పు కనిపించలేదు. పైగా, అవసరానికి చేబదులిచ్చే బంధువులూ ఇరుగుపొరుగూ దూరమై ఒంటరితనం పెరిగింది. మూడొంతుల్లో రెండొంతుల మంది వదులుకున్న ఇల్లు కూడా ప్రభుత్వ నివేదికలో పూర్తయిన ఇల్లుగానే నిలుస్తుంది. మన నాలుగో అంకె లేకపోతే జరిగేది ఇదే.

హైదరాబాద్‌లో ఒకే పథకం రెండు దారులు చూపించింది. తెలంగాణ ప్రభుత్వం పేదలకి ఇళ్లిచ్చే డబుల్ బెడ్‌రూం పథకానికి తొలి నమూనా సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ. పాతబడిన ఇళ్లున్న చోటే 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో అక్కడివాళ్లకే అప్పగించారు. వాళ్ల పనులు, పిల్లల బడులు, గాంధీ ఆస్పత్రి, కిరాణా కొట్టులో ఖాతా అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, మారింది గోడలూ కప్పే. 2023 జూన్‌లో అవుటర్ రింగ్ రోడ్డు దాపున కొల్లూరులో 15,660 ఇళ్లు ప్రారంభించారు. సంఖ్యలో, సదుపాయాల్లో అది చాలా పెద్ద పని. పేద కుటుంబానికి రెండు పడగ్గదుల ఇల్లు పూర్తిగా ఉచితంగా రావడం చిన్న విషయం కాదు. అయితే కొల్లూరు ఇల్లు వచ్చిన కుటుంబం నగరానికి అవతలి వైపు పనిచేస్తూ ఉంటే రోజూ నగరం మొత్తం దాటాలి. రెండు చోట్లా ఇంటి ధర సున్నాయే. తర్వాతి నెల ఖర్చు మాత్రం ఒకటి కాదు.

నెల లెక్క ఎలా వెయ్యాలి

ఇంటి అద్దె గానీ వాయిదా గానీ ఆదాయంలో 30 శాతం మించకూడదన్నది ప్రపంచమంతా వాడే పాత కొలత. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ దీన్ని సవరించింది. ఇంటి ఖర్చు, రాకపోకల ఖర్చు కలిపి 45 శాతం దాటకూడదంది. కమిటీకి కావలసింది అలాంటి ఉమ్మడి కొలతే. మన ఊరికి దాన్ని ఇలా అన్వయించుకోండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం ఆర్థికంగా బలహీన వర్గం. అంటే నెలకి 25 వేలు గరిష్ఠం, చాలా కుటుంబాలకి అంతకంటే తక్కువే. ఉదాహరణకి నెలకి 20 వేలు వచ్చే కుటుంబాన్ని తీసుకోండి. ఇద్దరు పనికి వెళ్తారు, కొత్త ఇంటి నుంచి రానూపోనూ ఆటో, బస్సు కలిపి మనిషికి రోజుకి 80 రూపాయలైతే, 25 రోజులకి 4 వేలు. అంటే ఆదాయంలో ఐదో వంతు ఇంట్లోకి ఒక్క గింజ రాకముందే దారిలో పోయింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకి బస్సు ప్రయాణం ఉచితమైంది కాబట్టి ఈ లెక్క కొంత తేలికపడింది. కానీ ఉచిత బస్సు టికెట్టు డబ్బు మిగులుస్తుంది గానీ గంటలు మిగల్చదు. నాలుగిళ్లలో పనిచేసే మనిషి రోజుకి రెండు గంటలు బస్సులో గడిపితే ఒక ఇంటి పని వదులుకోవాలి. ఆ పోయిన జీతం కూడా కొత్త ఇంటి ఖర్చులోనే రాయాలి.

దానికి మిగతావి కలపండి. బ్యాంకు రుణం ఉంటే వాయిదా. ఆ వాయిదా ఎప్పుడు మొదలవుతుందన్నది మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే ఇళ్లు చేతికి రాకుండానే వాయిదాలు మీద పడి, ఉన్న ఇంటికి అద్దె, లేని ఇంటికి వాయిదా రెండూ కట్టాల్సివచ్చిన కుటుంబాల గోడు అందరికీ తెలిసిందే. తర్వాత నీళ్లు, కరెంటు. ఆ తర్వాత అందరూ మరిచిపోయేది, నిర్వహణ. తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు, మోటారు, మెట్ల దగ్గర దీపాలు, సెప్టిక్ వ్యవస్థ నెలనెలా డబ్బడుగుతాయి. లిఫ్టు ఆగిపోతే ఏడో అంతస్తులోని వృద్ధురాలికి ఇల్లున్నా బయటి ప్రపంచం లేదు. అందుకే ప్రణాళిక దశలోనే అడగండి, నిర్వహణ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కింది అంతస్తులో దుకాణాలు కట్టి వాటి అద్దె సంఘానికి రాయించడం ఒక దారి. తక్కువ అంతస్తులతో లిఫ్టు అవసరం లేకుండా కట్టడం ఇంకో దారి. ఏ దారీ చూపకుండా ఎత్తయిన భవనానికి సరే అనడం పేద కుటుంబానికి కనబడని అప్పు అంటగట్టడమే.

అడగాల్సిన సమయం

మంచి ప్రశ్న ఆలస్యంగా అడిగితే పనికిరాదు. ఆవాస్ యోజనలో పని నడిచే వరస చూడండి. పట్టణ స్థానిక సంస్థ అవసరాల సర్వే చేస్తుంది, స్థలం చూస్తుంది, సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్ తయారవుతుంది, అది రాష్ట్ర స్థాయి మంజూరు, పర్యవేక్షణ కమిటీకి, అక్కడి నుంచి కేంద్ర కమిటీకి వెళ్తుంది. డీపీఆర్ ఊరు దాటి వెళ్లాక మీరు మార్చగలిగేది దాదాపు ఏమీ ఉండదు. పైస్థాయి కమిటీలు నిధుల వాటా, ఇళ్ల సంఖ్య, అనుమతులు చూస్తాయి. మీ ఊళ్లో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో వాళ్లకి తెలియదు. కాబట్టి మీ పని సర్వేకీ స్థలానికీ మధ్య ఉంది. సర్వే ఫారంలో కుటుంబ సభ్యులు, ఆదాయం, ఆధార్ నంబరుతో పాటు ప్రతి సంపాదనపరుడూ ఎక్కడ పనిచేస్తాడు, ఎలా వెళ్తాడు, పిల్లలు ఏ బడికి వెళ్తారు అన్న మూడు ప్రశ్నలు చేర్చమనండి. ఆ జవాబుల్ని మ్యాపు మీద చుక్కలుగా పెడితే, ఏ స్థలం ఎంతమందికి అందుతుందో వాదన లేకుండా కనబడుతుంది. స్థలం ఎంపికకి ముందు కనీసం రెండు మూడు స్థలాలకి నెల లెక్క పక్కపక్కన రాయించండి. కమిటీ తీర్మానంలో ఆ పట్టిక జతచెయ్యాలని పట్టుబట్టండి. మినిట్సులోకి ఎక్కని మాటకి మరుసటి సమావేశం నాటికి ఉనికి ఉండదు.

ఈ సమావేశాలకి ఎవరొస్తారన్నది కూడా మీరు పట్టించుకోవాల్సిన విషయమే. కేథరిన్ లెవిన్ ఐన్‌స్టైన్, డేవిడ్ గ్లిక్, మాక్స్‌వెల్ పామర్ అనే అమెరికన్ పరిశోధకులు మసాచుసెట్స్ రాష్ట్రంలో కొత్త ఇళ్ల మీద జరిగిన బహిరంగ సమావేశాల రికార్డులు పరిశీలించారు. అక్కడ మాట్లాడేవాళ్లలో వయసు పైబడినవాళ్లు, చాలాకాలంగా అక్కడే ఉంటున్న సొంతింటివాళ్లు జనాభాలో వాళ్ల వాటా కంటే ఎక్కువని, మాట్లాడినవాళ్లలో అత్యధికులు కొత్త ఇళ్లని వ్యతిరేకించారని తేలింది. కారణం దుర్బుద్ధి అనుకోనక్కర్లేదు. రాబోయే ఇంట్లో ఉండబోయే మనిషి ఇంకా ఆ వార్డు ఓటరు కాడు, ఆ సాయంత్రం డ్యూటీలో ఉంటాడు. మన చట్టాల్లోనే దీనికి ఒక విరుగుడు ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులై ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. బండి పెట్టుకునే జాగాకి చట్టం ఇచ్చిన గౌరవం తలదాచుకునే జాగాకి ఎందుకు ఉండకూడదు? పైనుంచి ఆదేశం వచ్చేదాకా ఆగక్కర్లేదు. అద్దెకుంటున్నవాళ్లని, భవన కార్మికుల్ని, ఇళ్లలో పనిచేసే మహిళల్ని ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవాలని మీ కమిటీ తీర్మానించవచ్చు. సమావేశం ఆదివారం ఉదయం, వాళ్ల బస్తీలోనే పెట్టవచ్చు.

కొలత మారితే ఏం సాధ్యమో వియన్నా చూపిస్తుంది. 1923లో ఆ నగరం గృహనిర్మాణం కోసం ప్రత్యేక పన్ను వేసి, ఖరీదైన ఇళ్ల వాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసి వేల ఇళ్లు కట్టింది. ఇవాళ ఆ నగరవాసుల్లో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటున్నారు. మనకి పనికొచ్చేది వాళ్ల కమిటీ పద్ధతి. 1984లో ఏర్పడిన నగర నిధి సంస్థ ఇళ్ల కోసం ముందుగానే స్థలాలు కొని పెడుతుంది. పెద్ద స్థలాల మీద 1995 నుంచి పోటీలు పెడుతున్నారు, ఒక జ్యూరీ ప్రతిపాదనల్ని నిర్మాణ వ్యయం, వాస్తుశిల్పం, పర్యావరణం అనే కొలతలతో తూస్తుంది. 2009లో అక్కడి జీవనం ఎలా ఉంటుందన్నది కూడా ఒక కొలతగా చేర్చారు. వియన్నా ఖజానా మనకి లేదు, నిజమే. కానీ ముందు స్థలం భద్రపరచడానికి, ప్రతిపాదనల్ని ఒకటి కంటే ఎక్కువ కొలతలతో తూచడానికి కావలసింది డబ్బు కంటే ముందుచూపు.

నాలుగు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం బలమైనది. ఊరి మధ్య స్థలం ఖరీదు, అదే డబ్బుతో ఊరి బయట రెట్టింపు మందికి ఇళ్లొస్తాయి, కొందరికి దగ్గర ఇళ్లిచ్చి మిగతావాళ్లని వదిలెయ్యడం న్యాయమా అంటారు. దీనికి నా జవాబు రెండు భాగాలు. దూరపు స్థలం చవక అన్న లెక్కలో రోడ్డు, మంచినీటి పైపులైను, మురుగు కాలవ, బడి, ఆరోగ్య కేంద్రం, బస్సు ఉండవు. అవి ఇంకో శాఖ పద్దులో, ఇంకో ఏడాది బడ్జెట్‌లో వస్తాయి, లేదా రావు. అన్నీ కలిపి, ఖాళీగా మిగిలే ఇళ్లని తీసేసి, నిజంగా కాపురం ఉన్న ఒక్కో ఇంటికి ఎంతయిందో చూస్తే తేడా చాలా తగ్గుతుంది. రెండోది, ఊరి మధ్య పేదలకి స్థలం కొత్తగా కొనాల్సిన పని చాలాసార్లు లేదు, వాళ్లు దాని మీదే ఉన్నారు. ఒడిశా 2017లో మురికివాడల వాసులకి భూమి హక్కు ఇచ్చే చట్టం చేసింది. మరుసటి ఏడాది మొదలైన జగా మిషన్‌లో డ్రోన్లతో బస్తీల్ని కొలిచారు, బస్తీ సంఘాల సమక్షంలో ఇంటింటి హద్దులు సరిచూశారు. వారసులకి సంక్రమించేలా, బ్యాంకులో తాకట్టు పెట్టుకునేలా, కానీ అమ్ముకోవడానికి వీల్లేకుండా హక్కు పత్రాలిచ్చారు. పత్రం చేతికొస్తే సొంతంగా కట్టుకునేవాళ్లకి ఆవాస్ యోజన సాయం కూడా దక్కుతుంది. తెలంగాణలో 2014 డిసెంబరు నాటి 58వ నంబరు జీవో ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇళ్లున్న పేదలకి ఆ స్థలాన్ని ఉచితంగా క్రమబద్ధీకరించింది కూడా ఇదే ఆలోచనతో. వరద ముంపులో, విరిగిపడే కొండ అంచున ఉన్నవాళ్లని మాత్రం తరలించక తప్పదు. అప్పుడు కూడా నెల లెక్కే దారి చూపాలి, ఉన్నచోటికి అతి దగ్గర స్థలం ఏది అన్న ప్రశ్నతోనే వెతుకులాట మొదలవ్వాలి.

రెండో అభ్యంతరం పక్క కాలనీల నుంచి వస్తుంది. పేదల ఇళ్లొస్తే మా ఇళ్ల విలువ పడిపోతుంది, మురుగు పొంగుతుంది అంటారు. ఈ భయాన్ని ఎగతాళి చెయ్యకండి, ఆధారంతో మాట్లాడండి. రెబెక్కా డైమండ్, టిమ్ మెక్వేడ్ 2019లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, అల్పాదాయ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్లు వచ్చాక చుట్టుపక్కల ఇళ్ల ధరలు 6.5 శాతం దాకా పెరిగాయి, సంపన్న ప్రాంతాల్లో మాత్రం కొద్ది శాతం తగ్గాయి. అంటే భయం పూర్తిగా అబద్ధం కాదు, కానీ చెప్పుకునేంత పెద్దదీ కాదు. మురుగు గురించిన ఆందోళన న్యాయమైనది. దానికి మందు ఇళ్లని ఆపడం కాదు, కాలవ సామర్థ్యం పెంచే పనిని అదే డీపీఆర్‌లో చేర్పించడం. ఆ కాలనీల్లో వంటచేసే మనిషి, కాపలా కాసే మనిషి, పిల్లల్ని ఆటోలో బడికి తీసుకెళ్లే మనిషి రోజూ వస్తూనే ఉన్నారు. వాళ్లు దగ్గర్లో ఉంటే కాలనీకీ మేలే.

మూడోది, పేదలకిచ్చిన ఇల్లు అమ్ముకుంటారు, అద్దెకిచ్చేసి పాత చోటికే పోతారు కదా అన్నది. అలా జరుగుతుంది. కానీ అది తరచుగా మోసం కంటే ముందు ఒక సమాచారం, ఇంటి చోటు కుదరలేదని ఆ కుటుంబం చెబుతున్న మాట. ముంబయిలో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా లాటరీ వేసి ఇచ్చిన ఇళ్ల మీద తనూ కుమార్ చేసిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. గెలిచినవాళ్లకి ఇంటిని అద్దెకిచ్చుకునే వీలుంది. వాళ్ల కుటుంబాల్లో చదువు, ఉద్యోగాలు ఓడినవాళ్ల కంటే మెరుగయ్యాయి. అహ్మదాబాద్‌కీ ముంబయికీ తేడా ఇక్కడే ఆలోచించాలి. ఇల్లు కుటుంబాన్ని ఒకచోట కట్టేసే గుంజ కాకుండా చేతిలో ఉన్న ఆస్తి అయినప్పుడు దాని ఫలితం వేరు. కొన్నేళ్లపాటు అమ్మకం మీద ఆంక్ష సబబే. అద్దె మీదా గట్టి నిషేధం పెట్టేముందు ఖాళీ ఇంటి వల్ల ఎవరికి లాభమో అడగండి. 2024లో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకి ప్రత్యేక విభాగం ఉంది. సొంతిల్లు అందరికీ ఇవాళే కావాలని లేదు. ఊరికి కొత్తగా వచ్చిన కూలీకి నెల అద్దెకి భద్రమైన గది కావాలి, ఆ అవసరాన్ని కూడా కమిటీ లెక్కలో పెట్టాలి.

చివరి అభ్యంతరం, ఇన్ని ప్రశ్నలు వేస్తే పని ఆలస్యమవుతుంది, ఇల్లు లేనివాళ్లకి ఆలస్యమే పెద్ద శిక్ష అన్నది. ఈ ఆవేదన నిజం. అయితే పథకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడానికి ఎక్కువ కారణాలు భూవివాదాలు, బిల్లుల బకాయిలు, పూర్తయ్యాక నీటి కనెక్షన్ లేకపోవడం. మూడు స్థలాలకి నెల లెక్క వెయ్యడానికి సర్వే సిబ్బందికి కొద్ది వారాలు చాలు. తప్పు చోట కట్టిన కాలనీ తప్పుని సరిదిద్దుకోవడానికి తరాలు పడుతుంది. తొందర ఉన్నచోటే మొదటి అడుగు సరిగ్గా పడాలి.

ఇక మీరు చెయ్యాల్సింది ఇది. వచ్చే సమావేశానికి వెళ్లేముందు మీ ఊళ్లో ఇప్పటికే ఇచ్చిన ఒక కాలనీ ఎంచుకుని, సమాచార హక్కు చట్టం కింద దాని డీపీఆర్, లబ్ధిదారుల సంఖ్య, ఇప్పుడు కరెంటు వాడుతున్న మీటర్ల సంఖ్య అడగండి. ఆ రెండు సంఖ్యల మధ్య తేడాయే ఆ కమిటీ వెయ్యని లెక్క. దాన్ని అందరి ముందూ పెట్టి రెండు తీర్మానాలు ప్రతిపాదించండి. స్థలం ఖాయం చేసేముందు నెల ఖర్చు పట్టిక ఉండాలి, ఇళ్లు అప్పగించిన ఏడాది తర్వాత ఎన్నింట్లో కాపురం ఉన్నారో కమిటీకి నివేదిక రావాలి. మొదటిది తప్పు జరక్కుండా ఆపుతుంది, రెండోది జరిగిన తప్పుని దాచుకోనివ్వదు. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఓపికగా ప్రతి సమావేశంలో అదే ప్రశ్న అడిగే ఒక సభ్యుడో సభ్యురాలో ఉంటే చాలు. ఆ పాత్ర మీరు తీసుకోండి.